గంటన్నర కచేరీని ఎల్పీ రికార్డు మీదకు ఎక్కించడం ఎలా?

విజయనగరంలో సంగీతంతో సంబంధం ఉన్న చాలా ఇళ్లలో పాత క్యాసెట్లు ఇంకా భద్రంగా ఉన్నాయి. 1919లో మహారాజా వారు సంగీత కళాశాల పెడితే ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి ప్రిన్సిపాల్ అయిన ఊరిది. ద్వారం వెంకటస్వామినాయుడు గారు వయొలిన్ నేర్పిన ఊరిది. ఆ తర్వాతి తరాల కచేరీలూ హరికథలూ నవమి పందిట్లోనో గుడి మండపంలోనో ఎవరో ఒకరు టేప్ రికార్డర్ పెట్టి పట్టుకున్నవే. ఇప్పుడు వాటిని ఎల్పీలుగా, అంటే ముల్లు పెట్టి వినే పెద్ద రికార్డు ప్లేట్లుగా, వేయించాలని మనవలు, శిష్యులు ముచ్చటపడుతున్నారు. చేయదగిన పనే. కాకపోతే మొదటి అడుగులోనే ఒక చిక్కు వస్తుంది. 90 నిమిషాల క్యాసెట్‌లో ఒక్కో వైపు 45 నిమిషాలు ఉంటుంది. పన్నెండు అంగుళాల ఎల్పీలో ఒక్కో వైపు హాయిగా పట్టేది 20, 22 నిమిషాలే.

"ఇంకొంచెం సర్దలేరా?" అని అందరూ అడుగుతారు. సర్దవచ్చు. దానికి బదులుగా ఏం పోతుందో తెలుసుకుని సర్దాలి. అది తెలిస్తే ఏ రికార్డింగును ధైర్యంగా ఒక్కో వైపు 27 నిమిషాలు పెట్టొచ్చో, దేన్ని 17 నిమిషాలకే ఆపాలో మీరే చెప్పగలుగుతారు.

ముందు గాడి లెక్క

ఎల్పీ నిమిషానికి 33⅓ సార్లు తిరుగుతుంది. అంటే ఒక చుట్టుకు 1.8 సెకన్లు. అంచు దగ్గర మొదలైన గాడి (ముల్లు నడిచే సన్నని గీత) లేబుల్ వైపు చుట్టలు తిరుగుతూ వెళ్తుంది. పాటకు దొరికే జాగా, అంచు నుంచి లోపలికి కొలిస్తే సుమారు 85 మిల్లీమీటర్లు. అంతే. ఎన్ని నిమిషాలైనా ఆ 85 మిల్లీమీటర్లలోనే పట్టాలి.

ఇప్పుడు లెక్క వేయండి. 20 నిమిషాలంటే 667 చుట్లు. ఒక్కో చుట్టుకు దొరికేది 0.127 మిల్లీమీటరు. అదే 30 నిమిషాలైతే 1000 చుట్లు, ఒక్కో చుట్టుకు 0.085 మిల్లీమీటరు. ఇందులో గాడి వెడల్పే దాదాపు 0.055 మిల్లీమీటరు తీసుకుంటుంది. కాబట్టి 20 నిమిషాల సైడులో గాడి అటూ ఇటూ ఊగడానికి 0.07 మిల్లీమీటరు మిగిలితే, 30 నిమిషాల సైడులో 0.03 మిగులుతుంది. ఊగే చోటు సగానికన్నా తగ్గిపోయింది.

రికార్డులో శబ్దమంటే ఆ ఊగడమే. గట్టి శబ్దానికి గాడి ఎక్కువ ఊగుతుంది. అన్నిటికంటే ఎక్కువ చోటు తినేది మంద్రం, అంటే కింది స్థాయి బరువైన శబ్దం. మృదంగం ఎడమ వైపు 'తొం' అన్నప్పుడు గాడి ఎంత పక్కకు జరుగుతుందో, గాత్రం తారస్థాయిలో పాడినా అంత జరగదు. అందుకే రికార్డు కోసేటప్పుడే, అంటే గాడిని చెక్కేటప్పుడే, మంద్రాన్ని తగ్గించి, తారాన్ని (పై స్థాయి సన్నని శబ్దాన్ని) పెంచి కోస్తారు. వినేటప్పుడు ఆంప్లిఫయర్‌లోని ఫోనో భాగం దాన్ని తిరగేసి సరిచేస్తుంది. 1950ల నుంచి ప్రపంచమంతా ఒకటే ఒప్పందం మీద నడుస్తోంది. ఆ ఏర్పాటు లేకపోతే 20 నిమిషాలు కూడా పట్టేవి కావు.

కాబట్టి నిమిషాలు పెంచాలంటే రెండే దారులు. మొత్తం శబ్దాన్ని తగ్గించాలి, లేదా మంద్రాన్ని తగ్గించాలి. గాడి ఊపు సగమయ్యేలా శబ్దాన్ని 6 డెసిబెళ్లు తగ్గిస్తే, వినేవాళ్లు వాల్యూం పెంచుకుంటారు. దానితోపాటు చిటపటలూ ప్లేటు గరగర కూడా పెరుగుతాయి. 1975లో అమెరికాలో ఒక రాక్ ఆల్బమ్ గంటకు పైగా సంగీతాన్ని ఒకే ఎల్పీలో ఇరికించి వచ్చింది. ముల్లు అరిగిపోయి ఉంటే ఈ ప్లేటు పాడైపోతుంది, శబ్దం చాలకపోతే టేపు మీదకు ఎక్కించుకుని వినండి అని దాని కవర్ మీదే అచ్చు వేశారు. ఇంట్లో పెద్దాయన గొంతు వినాలని రికార్డు వేయించుకునేవాళ్లకు ఆ పరిస్థితి రాకూడదు.

180 గ్రాముల బరువు ప్లేటు తీసుకుంటే ఎక్కువ పడుతుందని కొందరు అనుకుంటారు. బరువుకూ నిమిషాలకూ సంబంధం లేదు. గాడి లోతు రెండింటిలోనూ ఒకటే.

మొదటి పని: వేగం సరిచేయండి, తర్వాతే నిమిషాలు లెక్కపెట్టండి

దీన్ని దాదాపు ఎవరూ పట్టించుకోరు. కానీ మొత్తం లెక్క దీని మీదే నిలబడుతుంది. పాత టేప్ రికార్డర్లు సరైన వేగంతో తిరిగేవి కావు. బ్యాటరీల మీద నడిపిన వాటి సంగతి మరీను. కచేరీ సాగేకొద్దీ బ్యాటరీ నీరసించి, టేపు మెల్లగా తిరిగేది. అలాంటి క్యాసెట్‌ను ఇప్పుడు సరైన వేగంతో వేస్తే చివరికి వచ్చేసరికి శ్రుతి పైకి పోతుంది, గొంతు సన్నబడుతుంది.

శ్రుతి ఒక్క అర స్వరం పెరిగిందంటే వేగం 6 శాతం ఎక్కువని అర్థం. ఆ వేగంలో 45 నిమిషాలు పలికిన కచేరీ సరిచేస్తే దాదాపు 47 నిమిషాల 40 సెకన్లు అవుతుంది. రెండు ముప్పావు నిమిషాల తేడా రికార్డు సైడుకు చాలా పెద్దది.

ఎలా పట్టుకోవాలి? మొదట ఆ విద్వాంసుడి శ్రుతి ఎంతో తెలిసినవాళ్లను అడగండి. "ఆయనది ఒకటిన్నర, రెండుకు ఎప్పుడూ వెళ్లలేదు" అని శిష్యులు ఇట్టే చెప్తారు. హార్మోనియమో, ఫోన్‌లో తంబూరా యాప్‌నో దగ్గర పెట్టుకుని సరిచూడండి. రెండో ఆధారం, రికార్డింగులో సన్నగా వినిపించే కరెంటు హమ్. మన కరెంటు 50 హెర్ట్జ్. కంప్యూటర్‌లో ఆ హమ్ 53 దగ్గర కనిపిస్తే టేపు 6 శాతం వేగంగా తిరుగుతున్నట్టు. టేపు ఆపినా వినిపించే హమ్ మీ ప్లేయర్‌ది, దాన్ని లెక్కలోకి తీసుకోకండి. ఆ రోజుల్లో కరెంటు కూడా నిలకడగా ఉండేది కాదు గనుక హమ్ కంటే శ్రుతినే ఎక్కువ నమ్మండి. మొదట్లో ఒకసారి, మధ్యలో ఒకసారి, చివర్లో ఒకసారి చూడండి.

తిరగేసి మాత్రం ఈ పని చేయకండి. అంటే, నిమిషాలు కలిసొస్తాయని కచేరీ వేగం రవ్వంత పెంచడం. అర స్వరంలో పావు వంతు పెరిగినా ఆ గొంతు తెలిసినవాళ్లు పట్టేస్తారు.

రెండో పని: సంగీతం కానిదాన్ని తీసేయండి

తంబూరా సర్దుకోవడం, మైకు టెస్టింగు, సన్మాన పత్రం చదవడం, సభాధ్యక్షుల వారి ప్రసంగం, హారతి పళ్లెం తిప్పుతూ చేసిన ప్రకటనలు, ప్రతి కీర్తన తర్వాతా నిమిషం పాటు చప్పట్లు. ఇవన్నీ కలిస్తే గంటన్నర టేపులో అయిదారు నిమిషాలు సులువుగా దొరుకుతాయి. చప్పట్లను పూర్తిగా కోసేయకండి. మూడు నాలుగు సెకన్లు ఉంచి మెల్లగా తగ్గించండి. జనం ముందు జరిగిన కచేరీ అని తెలియాలి కదా.

హరికథలో ఈ కత్తిరింపు జాగ్రత్తగా చేయాలి. కథకుడు పాట ఆపి చెప్పే పిట్టకథ, ఎదురుగా కూర్చున్న వాళ్లతో వేసే చమత్కారం హరికథలో భాగమే. అవి పోతే మిగిలేది పాటల జాబితా. నాకైతే అవి తీసేసి ఒక ప్లేటు మిగుల్చుకోవడం కంటే, ఇంకో ప్లేటు వేయించడమే న్యాయం అనిపిస్తుంది.

మూడో పని: మీ దగ్గర ఉన్నది ఎలాంటి శబ్దమో చూడండి

నిమిషాల హద్దును నిర్ణయించేది ఇదే. అందుకే ఇక్కడ కాస్త తీరిగ్గా వినండి.

ఒక్క మైకుతో, మోనోలో (ఎడమకూ కుడికీ ఒకే శబ్దంగా) పట్టిన హరికథ ఎల్పీకి బాగా ఒదుగుతుంది. ఉన్నది గాత్రం, చిడతలు, పక్కన హార్మోనియమో వయొలినో, దూరంగా మృదంగం. మంద్రం తక్కువ. మోనోలో గాడి పక్కలకే ఊగుతుంది, లోతు మారదు. కాబట్టి చుట్లను దగ్గర దగ్గరగా పెట్టొచ్చు. ఇలాంటిదాన్ని సైడుకు 26, 27 నిమిషాలు పెట్టినా బాగానే వినిపిస్తుంది. తప్పనిసరైతే 30. మోనోలో ఉన్న వయొలిన్ కచేరీ అయితే 24, 25 దగ్గర ఆగండి.

మృదంగం, ఘటం స్పష్టంగా పలికే స్టీరియో కచేరీకి 20 నుంచి 22.

ఇక మన ఉత్తరాంధ్ర జానపదం. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో పట్టిన జముకుల కథ టేపు మీ దగ్గర ఉంటే, ఒకసారి జముకు ఒక్కటే మోగే చోట వినండి. తోలుకు బిగించిన తంతిని మీటినప్పుడు వచ్చే ఆ బరువైన, జారుడు మంద్రమే ఆ కథకు ప్రాణం. అదే గాడిని అన్నిటికంటే ఎక్కువ ఊపుతుంది. దాన్ని తగ్గించి నిమిషాలు పెంచుకుంటే జముకు పోయి ఉత్త టకటక మిగులుతుంది. తప్పెటగుళ్లది ఇంకో రకం ఇబ్బంది. గుండెల మీద రేకు గుళ్ల దెబ్బ, కాళ్ల గజ్జెలు, పదిహేనిరవై మంది ఒకేసారి. ఇక్కడ మంద్రం కాదు, తారం సమస్య. అంత పదునైన శబ్దం లేబుల్ దగ్గరి గాడిలో సరిగా నిలవదు. ఈ రెండింటికీ సైడుకు 16, 18 నిమిషాలు దాటనివ్వకండి.

ఒకే టేపులో అన్ని రకాలూ కలిసి ఉంటే, ఎక్కువ చోటు తినేదాన్ని బట్టే ఆ సైడు హద్దు పెట్టుకోండి.

నాలుగో పని: ఎన్ని ప్లేట్లు?

ఉదాహరణకు కత్తిరింపుల తర్వాత కచేరీ 84 నిమిషాలు తేలిందనుకుందాం. రెండు ఎల్పీలు, నాలుగు సైడ్లు, ఒక్కోటి 21. చక్కగా సరిపోయింది. హరికథ 104 నిమిషాలు ఉంటే నాలుగు సైడ్లకు 26 చొప్పున. మోనో అయితే అదీ సరే.

చిక్కంతా 55, 60 నిమిషాల దగ్గర వస్తుంది. ఒక ప్లేటుకు ఎక్కువ, రెండింటికి తక్కువ. ఇక్కడ ఖర్చు గురించి ఆలోచించక తప్పదు. రెండో ప్లేటంటే కోత, స్టాంపర్లు (ప్లేట్లు నొక్కే లోహపు అచ్చులు), నొక్కుడు, కవరు అన్నీ దాదాపు రెట్టింపు. మోనో గాత్రం అయితే ఒకే ప్లేటులో 28, 28 పెట్టేయండి. స్టీరియో అయితే మూడు సైడ్లు వాడి నాలుగోది ఖాళీగా వదిలేయండి. ఖాళీ సైడుకు కోత ఖర్చు ఉండదు, పైగా దాని మీద బొమ్మ చెక్కించుకునే వీలు కొన్ని ప్లాంట్లలో ఉంటుంది. ఇవేవీ కుదరకపోతే ఒక కీర్తనను పక్కన పెట్టి, దాన్ని కవరులో డౌన్‌లోడ్ కోడుగా ఇవ్వండి. పూర్తి కచేరీని నీరసపు శబ్దంతో ఇవ్వడం కంటే, ఒక కీర్తన తక్కువైనా నిండుగా ఇవ్వడం మేలు.

45 ఆర్‌పీఎం బాగుంటుందని ఎవరైనా చెప్తే, నిజమే, శబ్దానికి అది మంచిదే. కానీ సైడుకు 12, 15 నిమిషాలకు మించి పట్టదు. పొడుగు కచేరీకి అది దారి కాదు. 16⅔ వేగంలో ఒకప్పుడు మాటల పుస్తకాలు వచ్చేవి. ఇప్పుడు దొరికే ప్లేయర్లలో చాలా వాటికి ఆ వేగమే లేదు.

అయిదో పని: ఎక్కడ విరవాలి, ఏది ఎక్కడ పెట్టాలి

ప్లేటు తిరిగే వేగం ఒకటే అయినా, ముల్లు కింద గాడి పరుగెత్తే వేగం ఒకటి కాదు. అంచు దగ్గర సెకనుకు 51 సెంటీమీటర్ల గాడి ముల్లు కింద నుంచి పోతుంది. లేబుల్ దగ్గర 21 మాత్రమే. అంటే అదే స్వరాన్ని సగం కంటే తక్కువ పొడవులో రాయాలి. అందుకే సైడు చివర్లో 'స, శ, ష'లు గీరుకుపోతాయి, చిడతల మోత మసకబారుతుంది.

కాబట్టి గట్టిగా, పదునుగా ఉన్నవి సైడు మొదట్లో రావాలి. మెత్తనివి చివరికి. కర్ణాటక కచేరీకి అదృష్టవశాత్తూ మంగళం చివర్లోనే ఉంటుంది, అది శాంతంగానే ఉంటుంది. సమస్యల్లా ప్రధాన కీర్తన తర్వాత వచ్చే తని ఆవర్తనంతోనే, అంటే మృదంగం లాంటి తాళవాద్యాలు మాత్రమే మోగే భాగంతో. అది సైడు చివర పడిందా, మృదంగం ముక్తాయింపు సరిగ్గా శబ్దం చెడే చోటుకు వస్తుంది. ప్రధాన రాగం ఆలాపనను మూడో సైడు మొదట్లో పెట్టి, తని ఆ సైడు మధ్యలోనే అయిపోయేలా సర్దండి. ఆ తర్వాత ఒక చిన్న కీర్తనో పదమో వస్తే సైడు హాయిగా ముగుస్తుంది.

కొన్ని విరుపులు మాత్రం ఎప్పటికీ చేయకండి. ఆలాపనకూ కీర్తనకూ మధ్య విరవకండి. స్వరకల్పన మధ్యలో విరవకండి. హరికథలో ఘట్టం అయ్యాక, కథకుడు ఊపిరి తీసుకునే చోట విరవండి. ఆ చోటు కోసం ఒక సైడు 24, ఇంకోటి 28 అయినా ఫరవాలేదు. సైడ్లన్నీ సమానంగా ఉండాలన్న రూలు లేదు.

పాటల మధ్య ఖాళీ రెండు మూడు సెకన్లు చాలు.

ఆరో పని: ఫైళ్లు తయారుచేయడం

ఇక్కడ కొన్ని చిన్న పనులు నిమిషాలకు నిమిషాలు మిగులుస్తాయి.

మోనో క్యాసెట్‌ను స్టీరియో ప్లేయర్‌లో వేసి కంప్యూటర్‌లోకి తీసుకుంటే, ఎడమకూ కుడికీ టేపు హిస్సూ చిన్న చిన్న తేడాలూ వేరువేరుగా వస్తాయి. చెవికి పెద్దగా తెలియదు. కానీ ఎడమ కుడి మధ్య ప్రతి తేడా రికార్డు గాడిలో కిందికీ మీదికీ కదలికగా మారుతుంది. అది అనవసరంగా చోటు తింటుంది. ప్లేయర్ హెడ్డు (టేపును చదివే భాగం) సరిగ్గా సర్ది, రెండు చానళ్లనూ కలిపి నిఖార్సైన మోనో చేయండి. ఒక చానల్ పాడై ఉంటే మంచిదొక్కటే తీసుకోండి.

పందిట్లో ఫ్యాను గాలి, మైకు స్టాండుకు కాలు తగిలిన దెబ్బ, స్టేజీ చెక్కల మీద అడుగులు. ఇవన్నీ 30, 40 హెర్ట్జ్ కింద ఉంటాయి. వినపడీ వినపడకుండా ఉంటూనే గాడిని ఊపేస్తాయి. అక్కడికి కింద ఉన్నదంతా కోసేయండి. మృదంగానికి ఏమీ కాదు. స్టీరియో రికార్డింగు అయితే 150 హెర్ట్జ్ కింద మంద్రాన్ని మధ్యకు, అంటే మోనోకు తెమ్మని రికార్డు కోసే ఇంజనీర్‌కు చెప్పండి. లేకపోతే ముల్లు ఎగిరి గాడి దాటే ప్రమాదం ఉంది.

'స'కారాలు, చిడతలు మరీ పదునుగా ఉంటే ఆ చోట్ల మాత్రమే తగ్గించండి. మొత్తం తారాన్ని చంపకండి, గొంతులో జీవం పోతుంది. శబ్దాన్ని బలంగా కనిపించేలా నొక్కి పెట్టే లిమిటర్ల జోలికి అసలు వెళ్లొద్దు. సీడీకో ఫోనుకో పనికొస్తాయేమో గానీ, రికార్డులో అవి గాడిని నిరంతరం వెడల్పుగా ఉంచి మీరు కూడబెట్టిన నిమిషాలన్నీ తినేస్తాయి. కచేరీలో సహజంగా ఉండే నెమ్మది చోట్లే మీకు లాభం. ఆ చోట్ల యంత్రం గాడులను దగ్గరగా కోస్తుంది.

ఫైళ్లు 24 బిట్ వేవ్‌లో ఇవ్వండి. ఎంపీ3 వద్దు. ఒక్కో సైడుకు ఒకే ఫైలు చేసి, ఏ కీర్తన ఎన్ని నిమిషాల ఎన్ని సెకన్లకు మొదలవుతుందో కాగితం మీద రాసి జత చేయండి.

ఏడో పని: కటింగ్ ఇంజనీర్‌తో మాట్లాడటం

ఫైళ్లు పంపేసి ఊరుకోకండి, ఫోన్ చేయండి. అడగాల్సినవి ఇవి. గాడి దూరాన్ని శబ్దాన్ని బట్టి మార్చే యంత్రమేనా? అలాంటి యంత్రం రాబోయే శబ్దాన్ని ఒక చుట్టు ముందే విని, గట్టి చోట దూరంగా, నెమ్మది చోట దగ్గరగా కోస్తుంది. పొడుగు సైడ్లకు ఇది లేకపోతే పని అవదు. తర్వాత, లాకర్ పూత పూసిన అల్యూమినియం డిస్కు మీద కోస్తారా, నేరుగా రాగి మీద కోస్తారా? రాగి మీద కోస్తే గాడి గోడలు వెనక్కి ఉబికి రావు కాబట్టి చుట్లు ఇంకాస్త దగ్గరగా పడతాయి. పొడుగు హరికథకు నేను రాగినే ఎంచుకుంటాను. 20 నిమిషాల వయొలిన్ సైడుకు లాకర్ డిస్కు తీగె నాదాన్ని కొంచెం మెత్తగా ఉంచుతుందని నా అభిప్రాయం.

ముఖ్యమైన మాట ఒకటి ఆయనకు చెప్పండి. "శబ్దం తగ్గినా ఫరవాలేదు, మంద్రం పోకూడదు" అనో, "గొంతు స్పష్టంగా ఉంటే చాలు, మృదంగం కాస్త తగ్గినా సరే" అనో. రెండూ కావాలంటే ఆయన మీకు ముఖ్యమైనదాన్నే తగ్గించవచ్చు.

ఎనిమిదో పని: టెస్ట్ ప్రెస్సింగ్

నొక్కుడు మొదలుపెట్టే ముందు కొన్ని నమూనా ప్లేట్లు పంపుతారు. ఖరీదైన ప్లేయర్ మీద ఒకసారి, మామూలు ప్లేయర్ మీద ఒకసారి వినండి. కొనేవాళ్లలో చాలామంది దగ్గర ఉండేది మామూలుదే. ప్రతి సైడూ చివరి అయిదు నిమిషాలు కళ్లు మూసుకుని వినండి, సకారాలు గీరుకుంటున్నాయేమో. తని ఆవర్తనం దగ్గర ముల్లు ఎగురుతోందేమో చూడండి. గట్టి దెబ్బకు ముందు, సరిగ్గా 1.8 సెకన్ల ముందు, అదే దెబ్బ మసగ్గా వినిపిస్తే గాడులు మరీ దగ్గరైనట్టు. పక్క చుట్టు శబ్దం ఇటు పాకింది. ఆలాపన మొదలయ్యే ముందు నిశ్శబ్దంలో ఇది బాగా తెలుస్తుంది. అలా ఉంటే మొహమాటపడకుండా మళ్లీ కోయమనండి, లేదా శబ్దం ఒకటి రెండు డెసిబెళ్లు తగ్గించమనండి. అన్ని కాపీల్లోనూ ఒకే చోట తప్పు ఉంటే అది కోతలోదో స్టాంపర్‌దో. ఒక్కదాంట్లోనే ఉంటే ఆ ఒక్క నొక్కుడుదే, కంగారు పడక్కర్లేదు.

లేబుల్ మీద సైడు పేరు, వేగం, కీర్తన, రాగం, తాళం, పక్కవాద్యాల వాళ్ల పేర్లు ఉండాలి. లేబుల్ పక్కన ఖాళీ గాడిలో చెక్కిన నంబరు మీ ఆర్డర్ నంబరుతో సరిపోతోందో లేదో చూసి, అప్పుడు ఓకే చెప్పండి.

ఆఖరుగా, ప్లేట్లు ఏప్రిల్, మే నెలల్లో మన జిల్లాలకు వచ్చేలా పెట్టుకోకండి. ఆ ఎండలో పార్శిల్ లారీలో ఒక పగలు నిలిచిపోయినా వంకర తిరిగిపోతాయి. సిరిమానోత్సవం (విజయనగరం పైడితల్లి అమ్మవారి జాతర) వెళ్లాక, చలి మొదలయ్యాక తెప్పించుకోండి. వచ్చాక ఒకదాని మీద ఒకటి పేర్చకుండా నిలువుగా నిలబెట్టండి.